జయరత్నం ప్రయాణ సలహాలు

"ఆ మగ్గు బాగా తోమి పెట్టు. పుంగనూర్లో ముందు వరసలో కూసున్నోళ్ళకు మసి కనబడినాదంట" అన్నాడు జయరత్నం, అద్దంలోంచి చూపు తిప్పకుండా గడ్డానికి నురగ పూసుకుంటూ.

లిడియా గుప్పెడు బూడిద తీసుకుని పెరట్లో కూర్చుంది. నీలం అంచున్న ఎనామిల్ మగ్గు అది. అంచు మీద ఒకచోట పెచ్చు లేచి నల్లగా ఉంటుంది. అది మసి కాదు. పాలు ఆలస్యమైతే కూతురు రూతు మగ్గును నేలకేసి కొట్టేది. అప్పుడు లేచిన పెచ్చు అది. ఎంత తోమినా ఆ నలుపు పోదు. అయినా ఎక్కడ పోతుందోనని లిడియా ఆ ఒక్కచోట మాత్రం వేలు ఆనించదు.

యుద్ధం ముగిసి ఏడాదైంది. రంగూనుకు ఓడలు మళ్ళీ కదిలాయి, కానీ ఓడ దిగాక రైలు వంతెనలు బాంబులకు కూలి లోపలి ఊళ్ళకు నడకే దారి. అక్కడ విడిచి వచ్చిన పని కోసం, తప్పిపోయిన మనుషుల కోసం పోవాలనుకునేవాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. వాళ్ళకోసం బడిపంతులు జయరత్నం ఊరూరా ఆ మగ్గు చూపిస్తూ ఉపన్యాసాలు ఇస్తున్నాడు. మొన్న మదనపల్లె, నిన్న పుంగనూరు, ఇవాళ కుప్పం. భార్యనూ బిడ్డనూ వెంటపెట్టుకుని కాలినడకన బర్మా కొండలు దాటినవాడని పేరు. పాదాలకు ఆముదం రాసుకుని నడవాలని చెబుతాడు. ఉప్పు కొంగున కట్టుకోవాలని చెబుతాడు. పడుకునేటప్పుడు తల దారివైపు పెట్టుకోవాలని, లేకపోతే తెల్లవారి ఎటు పోవాలో తెలియదని చెబుతాడు. జనం నోళ్ళు తెరుచుకుని వింటారు.

ఆ కొండలను జయరత్నం చూడనే లేదు.

నలభై రెండు జనవరిలో రంగూను మీద బాంబులు పడుతుంటే, అప్పట్లో అక్కడ గుమాస్తాగా ఉన్న అతను ఓడెక్కాడు. "ఆఫీసు కాగితాలు మద్రాసులో అప్పజెప్పాల. వచ్చే ఓడకు నువ్వూ పాపా రండి" అన్నాడు. ఆ వచ్చే ఓడలో లిడియాకు చోటు దొరకలేదు. బియ్యం మిల్లు కూలీల గుంపొకటి పడమటి కొండల మీదుగా నడిచిపోతుంటే, మూడేళ్ళ రూతును చంకనేసుకుని వాళ్ళ వెంట పడింది. గుంపులో రామసముద్రం నుంచి పోయిన గంగులప్ప అనే ముసలాయన ఉన్నాడు. "నా భుజం ఖాళీగానే ఉండాది, ఇట్లియ్యమ్మా బిడ్డను" అని సగం దారి ఆయనే మోశాడు. నలభై రోజులు నడిచింది. ఇల్లు చేరేసరికి లిడియా ఒక్కతే, చేతిలో మగ్గు.

ఆసుపత్రి మంచం మీద ఉండగా జయరత్నం రోజూ వచ్చి పక్కన కూర్చునేవాడు. ఆమె చెబుతుంటే నోటుబుక్కులో రాసుకునేవాడు. ఆముదం రాసుకున్నాడు, ఉప్పు రాసుకున్నాడు, తల పెట్టిన దిక్కు రాసుకున్నాడు. మాట రూతు దగ్గరికి రాగానే పుస్తకం మూశాడు. "అది వద్దులే. ఏడుస్తావు."

నాలుగేళ్ళయింది. ఆ పుస్తకం అక్కడే మూసి ఉంది. పాప ఎట్లా పోయిందో అతను ఇంతవరకూ అడగలేదు. జ్వరమని అందరికీ తనే చెప్పుకున్నాడు.

నిజం బయటపెట్టాలని లిడియాకు అనిపించకపోలేదు. మొదటి వారంలోనే అత్త యేసమ్మ ఆ తలుపు మూసింది. "నలభై దినాలు కూలోళ్ళ మధ్యన పండుకుని లేసొచ్చినావని తెలిస్తే, ఆదివారం గుడిలో నీ పక్కన ఎవురు కూసుంటారే? నా కొడుకు తోడుండినాడని అనుకోనీ. వాడికి పేరు, నీకు మానం." ఆ మాట చెబుతూ అత్త ఆమె తల దువ్వింది కూడా. అందుకే కోపం తెచ్చుకోవడానికి సైతం లిడియాకు చోటు లేకపోయింది. అబద్ధం ఆయనది, కాపలా మాత్రం తనది. పుంగనూర్లో ఆయన "చెప్పులు తెగితే మా ఆమెను నేనే ఎత్తుకున్నాను" అన్నప్పుడు ఆడవాళ్ళు నవ్వారు. "దేవుడిచ్చిన మొగుడమ్మా నీకు! మావాడు కావిడి నీళ్ళు మోయమంటేనే మూలుగుతాడు" అంది ఒకామె. లిడియా కూడా నవ్వింది. నవ్వాక దవడలు నొప్పిపెట్టాయి.

బొగ్గుతో నడిచే బస్సులో ఊగుతూ కుప్పం చేరారు. బడి హాల్లో మగవాళ్ళకు బెంచీలు, ఆడవాళ్ళకు చాపలు. లిడియా పక్కన శాంతిపురం నుంచి వచ్చిన పాపమ్మ కూర్చుంది. ఒళ్ళో నాలుగు నిండిన ఆడపిల్ల, చేతిలో పొడుగాటి నూలుతాడు. ఆమె మొగుడు ఈరప్పకు బర్మా కొండల్లో ఎక్కడో పల్లె దగ్గర మిల్లులో పని. బతికున్నాడో లేడో తెలియని నాలుగేళ్ళ తర్వాత, వచ్చేయమని ఉత్తరం వచ్చింది. ఎనిమిది రోజుల్లో ఓడ.

"సదువు లేదు కదమ్మా" అంది పాపమ్మ తాడు చూపిస్తూ. "అయ్యవారు మాట చెప్పినప్పుడల్లా ఒక ముడి. రాత్రీ పగలూ తడుముకుంటా పోతే మరిసిపోను."

ఆముదానికి ముడి పడింది. ఉప్పుకు ముడి పడింది. తన అడుగులు ఒక్కొక్కటే ఆ తాడు మీదికి ఎక్కుతుంటే లిడియాకు చాలా రోజుల తర్వాత గుండెలో వెచ్చగా అనిపించింది. పేరు ఎవరిదైతేనేం, మాట చేరాల్సినచోటికి చేరుతోంది అనుకుంది.

చివర్లో పాపమ్మ లేచి నిలబడింది. "నీళ్ళ సంగతి చెప్పు అయ్యవారా. బిడ్డ ఉండాది."

నీళ్ళ సంగతి నోటుబుక్కులో లేదు. జయరత్నం ఒక్క క్షణం కూడా తడబడలేదు. "నిలవ నీళ్ళు ముట్టొద్దమ్మా. కొండవాగు తేటగా పారతాంటే భయమే లేదు, దేవుడే పొయ్యి మీద పెట్టి కాంచి ఇచ్చిన నీళ్ళవి." మగ్గు పైకెత్తి చూపించాడు. "మా పాప ఈ మగ్గుతోనే ముంచుకుని తాగింది."

పాపమ్మ ముడి వేసింది.

లిడియాకు చెవుల్లో వాగు వినిపించింది. అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టేంత తేట నీళ్ళు. "కాంచకుండా తాగొద్దు తల్లీ, పైన శవాలుండాయి" అని గంగులప్ప కట్టెల కోసం పోయాడు. రూతు ఏడుస్తోంది. ఇంత తేటగా ఉన్నాయి కదా అని తనే, తన చేత్తోనే, ఈ మగ్గుతో ముంచి పట్టింది. మర్నాటి పొద్దు గూకేలోపల వాంతులతో పిల్ల అరచేతంత అయిపోయింది.

లిడియా పాపమ్మ చెవిలో గబగబా అంది, "ఆ ముడి విప్పెయ్యి. ఏ నీళ్ళయినా కాంచే పట్టు."

పాపమ్మ ఎగాదిగా చూసింది. "యాల విప్పాల? పారే నీళ్ళకు భయం లేదనే కదా ఆయప్ప చెప్పిండాది. ఆ దోవలో నడిచినోడు ఆయన. ఎత్తుకుంటే వచ్చినదానివి, నీకేం తెలుసమ్మా?"

పాపమ్మ చెయ్యి తాడు మీద ఉంది. పిల్ల ఆ తాడు కొసను నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. లిడియా ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు.

"ఆయన ఆ దోవలో నడవలేదు" అంది. "ఆయన ఓడలో వచ్చినాడు. నడిచింది నేను. కాంచని నీళ్ళు తాగే నా బిడ్డ పోయింది."

జయరత్నం నవ్వాడు. అతనికి అతికినట్టు సరిపోయే నవ్వు. "ఏమీ అనుకోవద్దండి. బిడ్డ పోయినకాడి నుంచి దానికి మనసు సరిగా లేదు. లిడియా, కూసో."

బెంచీల మీద అయ్యో పాపం అన్నారు. ఎవరో ఆమె చెయ్యి పట్టి కిందికి లాగారు. నాలుగేళ్ళు దాచిన నిజం నాలుగు క్షణాల్లో పిచ్చి అయిపోయింది. కూర్చోబోయింది.

వెనకనుంచి ఒక ముసలామె అడిగింది, వెటకారంగా. "మొగుడు లేకుంటే ఎవురి తోడుతో వచ్చినావమ్మా మరి?"

అదే అత్త మూసిన తలుపు. తీస్తే ఇల్లుండదు, గుడిలో పక్కన మనిషి ఉండదు. లిడియాకు అదంతా తెలుసు.

"కూలోళ్ళతో" అంది. "నలభై దినాలు. వాళ్ళ పక్కనే పండుకున్నాను, వాళ్ళ పక్కనే లేసినాను."

ఏ ఆడదీ తన మీద తాను అట్లాంటి అబద్ధం చెప్పుకోదు. అందుకే ఒక్కసారిగా అందరూ నమ్మారు. జయరత్నం చేతిలో మగ్గు ఇంకా పైకే ఉంది, దించడం మరిచిపోయాడు. చాప మీద ఆమెకు అటూ ఇటూ ఉన్నవాళ్ళు చీర కుచ్చిళ్ళు సర్దుకుని పక్కకు జరిగారు. ఆ జరగడం లిడియా కళ్ళతో చూడలేదు, ఒంటికి తగిలింది. ఇక ఏం చెయ్యాలో, ఎక్కడికి పోవాలో ఆమెకు తోచలేదు.

పాపమ్మ ఒక్కతే జరగలేదు. తలవంచుకుని, పిల్ల నోట్లోంచి తాడు కొస తీసి, చివరి ముడిని పళ్ళతో వదులు చేసి విప్పేసింది.

"ఎంతసేపు కాంచాలమ్మా?" అని అడిగింది.