ఎండ గీతలు

చొక్కా మూడో గుండీ దగ్గర చిన్నరంగప్ప వేళ్లు మొరాయించాయి. భార్య కెంచమ్మ చెయ్యి చాపితే కసిరాడు. మెత్తటి మనిషే గానీ మహా మొండి. రాయచెర్లు బీళ్లలో గొర్రెల వెంట తిరగడం తప్ప వేరే పని ఎరగడు. ఆ బీళ్లు సోలార్ పార్కు అయ్యాక కూడా, సోలార్ పలకల కింద మొలిచే గడ్డికి అదే మందను తోలుతున్నాడు. ఇప్పుడా మందకే ఎసరొచ్చింది. ఈ రోజు తండ్రి నడవలేడని డాక్టరు తేలిస్తే సాయంత్రానికే గొర్రెలు అమ్మేస్తానని కొడుకు యోగీశ్ తెగేసి చెప్పాడు.

పావగడలో వికలాంగుల క్యాంపు. యోగీశే బండి మీద తీసుకుపోయాడు. డాక్టరు చైత్ర ఓపికగా చూసింది. బొటనవేలికి చూపుడువేలు తట్టించింది, కుర్చీలోంచి లేపింది, వరండా చివరిదాకా నడవమంది. నున్నటి గచ్చు. ఒళ్లు ముందుకు పోతోంది, పాదాలు మాత్రం నేలకు అతుక్కుపోయాయి. చిన్నరంగప్పకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"పార్కిన్సన్ బాగా ముదిరింది. వైకల్యం డెబ్బై శాతమని రాస్తాండా," అంది చైత్ర. పట్టుకుని నడవడానికి కొత్త వాకర్ ఇప్పించింది. "యాడన్నా నడక బాగుంటాదా తాతా?"

"గొర్రెల ఎనకాల బాగుంటాది తల్లీ."

యోగీశ్ నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. "అట్లయితే ఆడ గూడా ఒకసారి చూడప్పా," అంది అతనితో.

ఆ మాట యోగీశ్‌ను వదల్లేదు. తిరుగుదారిలో పార్కు గేటు దగ్గర బండి ఆపి, వాకర్ దించి, తండ్రిని రెక్క పట్టుకుని పలకల వరుస కిందికి తీసుకుపోయాడు. అక్కడ కెంచమ్మ మంద కాస్తోంది. పలకకూ పలకకూ మధ్య సందుల్లోంచి ఎండ నేల మీద సన్నటి గీతలుగా పడుతోంది. చిన్నరంగప్ప కొడుకు చెయ్యి విడిపించుకున్నాడు. మొదటి గీతను చూశాడు, అతుక్కున్న పాదం లేచింది, దాటాడు. ఇంకొకటి దాటాడు. నాలుక మడిచి ఒక కేక వేస్తే మందంతా తలెత్తి అతని ముందు కదిలింది. చెయ్యి వణుకుతూనే ఉంది, కాళ్లు మాత్రం ఆగలేదు.

"నిదానం నాయనా, పడ్తావు," అంటూ యోగీశ్ వెనకాల పరుగెత్తాడు.

"గచ్చు మింద పడ్తా గానీ ఈడ యాల పడ్తాన్రా? గీత ఉండాది, దాటేదే."

మబ్బు పట్టి గీతలు పడని రోజు ఏం చేస్తాడన్నది రేపటి సంగతి. అంతలో గొర్రెల వ్యాపారి దేవరాజ్ ఫోన్ చేశాడు. యోగీశ్ కళ్లు తుడుచుకుని, "అమ్మేది లేదప్పా," అని పెట్టేశాడు. అతనికి అంత సంతోషం ఈ మధ్యకాలంలో కలగలేదు.

చిన్నరంగప్ప మందతో పాటు వరుస చివరిదాకా వెళ్లి, మలుపు తిరిగి కనబడకుండా పోయాడు. గేటు పక్కన, కవరు కూడా విప్పని వాకర్‌కు వెనకబడ్డ గొర్రెపిల్ల ఒకటి ఒళ్లు రుద్దుకుంటోంది.