దుర్గనే అడిగిన ఫరీదా

సత్యశ్రీ కువైట్‌లోని ఫింటాస్‌లో ఒక క్లినిక్ ల్యాబ్‌లో పనిచేసేది. భర్త సోమేశ్వరరావు వఫ్రాలో ఒక కువైటీ తోటలో గ్రీన్‌హౌసులు చూసుకుంటూ వారమంతా అక్కడే ఉండి, గురువారం సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. వాళ్లకు లక్ష్మీదుర్గ ఒక్కతే కూతురు. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువ. వయసు ఇరవై దాటినా మాట నెమ్మది, పని నెమ్మది. ఎవరైనా తొందరపెడితే చెవులు మూసుకుని కూర్చునేది.

స్కూలు అయిపోయాక దుర్గకు కావలసినవన్నీ తల్లే ఏర్పాటు చేసింది. పగలు తోడుండడానికి కడప మనిషి ఖాతూన్ బీ, మాటలు నేర్పడానికి ఒక టీచరు, ఈత క్లాసు, తీసుకెళ్లడానికి కారు. ఒకరు రాకపోతే ఇంకొకర్ని బతిమాలడం, వాళ్లకూ వీళ్లకూ పడకపోతే సర్దిచెప్పడం, అన్నీ ఆమే. ల్యాబ్‌లో కళ్లు మైక్రోస్కోప్ మీద ఉన్నా చెవులు ఫోను మీదే ఉండేవి.

ఒకరోజు ఈత అయ్యాక దుర్గను డ్రైవర్ తీసుకొస్తాడని ఖాతూన్ బీ అనుకుంది. ఖాతూన్ బీ తోడుందని డ్రైవర్ అనుకున్నాడు. దుర్గ తడి జుట్టుతో ఈత కొలను గేటు దగ్గర ఎండలో చాలాసేపు నిలబడిపోయింది. సంగతి తెలిసి సత్యశ్రీ పరుగున వెళ్లేసరికి పిల్ల పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఏడవలేదు.

"అమ్మ మర్చిపోయింది" అంది, అంతే.

ఆ గురువారం సోమేశ్వరరావు అన్నాడు. "ఇంక నీ ఒక్కదాని వల్లా అవదు సత్యా. ఇవన్నీ చూసిపెట్టడమే పనిగా చేసేవాళ్లున్నారంట. పెట్టుకుందాం."

"నేను బతికుండగా పిల్లని ఇంకోళ్ల చేతిలో పెట్టమంటారేంటండీ?"

"పిల్లని కాదే, ఈ పరుగుల్ని పెట్టమంటున్నాను."

అలా ఒక శుక్రవారం వచ్చింది ఫరీదా. రాయచోటి మనిషి. ప్రత్యేక పిల్లల స్కూల్లో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు ఇలాంటి ఇళ్లకు సాయం కుదర్చడం, ఆ పని సరిగ్గా సాగేలా చూడడం వృత్తిగా పెట్టుకుంది. రాగానే సోఫాలో కూర్చోకుండా, దుర్గ కూర్చున్న చాప మీదే చతికిలబడింది.

"దుర్గమ్మా, నీకేది బాగుంటాది? ఏది వద్దు?"

"దానికి ఈతంటే ఇష్టమండీ, టీచరుగారంటే..." అని సత్యశ్రీ అందుకుంది.

"అక్కా, నువ్వు రోంతసేపు ఆగు. నేను పాపను అడిగినా." ఫరీదా మళ్లీ దుర్గ వైపు తిరిగింది. "నిమ్మళంగా చెప్పు మా. నాకేం తొందర లేదు."

దుర్గ చాప అంచు పీకుతూ ఆలోచించింది. సత్యశ్రీ నోరు నొక్కుకుని కూర్చుంది.

"టీచర్ వద్దు" అంది దుర్గ చివరికి. "బల్ల కొడుతుంది. ఠప్పుమని."

"అదేంటమ్మా, నాకెప్పుడూ చెప్పలేదేంటి?"

దుర్గ తల్లిని వింతగా చూసి, వేళ్లు ముడుస్తూ తన మాట తాను కొనసాగించింది. "ఈత ఉండాలి. సముద్రం దగ్గర నడుస్తా. నాన్న తోటలో కీరాలు కోస్తా."

పక్కనే కూర్చుని వింటున్న సోమేశ్వరరావు కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంగ వినండి" అంది ఫరీదా. "ఏం చేయల్లో పాప చెప్తాది. మీరు సరే అనల్ల. మనుషుల్ని కుదిర్చేది, రానోళ్లకు బదులు చూసేది, ఎవరు ఎట్లా చేస్తాండారో కనిపెట్టేది నా పని. ఏదన్నా అయితే ఫోను ముందు నాకు రావల్ల."

బల్ల కొట్టే టీచర్ని మాన్పించారు. కొత్తామె దుర్గతో సముద్రం ఒడ్డున నడుస్తూనే మాటలు నేర్పేది. ఖాతూన్ బీ రాని రోజుకని రజియా బీ అనే ఇంకొకామెను ఫరీదా ముందే తీసుకొచ్చి దుర్గకు చూపించింది. దుర్గ ఆమె గాజులు తిప్పి చూసి "సరే" అంది.

సత్యశ్రీకి మాత్రం చేతులు ఊరుకునేవి కావు. చాటుగా ఖాతూన్ బీకి ఫోన్ చేసి పనులు పురమాయించేది. అది తెలిసి ఫరీదా కోప్పడలేదు. "ఇద్దరం చెప్తే ఆమె ఎవరి మాట వినల్ల అక్కా?" అంది. సత్యశ్రీ మళ్లీ అలా చేయలేదు.

ఒకరోజు ల్యాబ్‌లో పని మధ్య ఫరీదా ఫోన్ చేసింది. "ఖాతూన్ బీకి ఇఖామా పర్మిటు రెన్యూవల్ పని పడింది. ఆమెకు వీసా ఇచ్చిన కఫీల్ జహ్రా ఊరికి రమ్మన్నాడంట."

సత్యశ్రీ అప్పటికే బ్యాగు భుజాన వేసుకుంది. "వచ్చేస్తున్నానండీ. పిల్ల ఒక్కతే ఉందా?"

"ఎందుకొస్తావు? ఖాతూన్ బీ ఉన్నప్పుడే రజియా బీ వచ్చేసింది. ఇప్పుడు ఇద్దరూ సముద్రం కాడ ఉండారు. పాపకే ఫోన్ చేసి మాట్లాడు."

రజియా బీ ఫోనులో దుర్గ గొంతు గాలిలో ఎగురుతున్నట్టు వినిపించింది. "అమ్మా, చెప్పులు తీసేశా. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఇంక పెట్టేయ్."

సత్యశ్రీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బ్యాగు దించింది. అన్నం డబ్బా విప్పి, ఎన్నాళ్లకో స్థిమితంగా తింది.

చలికాలం వచ్చాక ఒక శుక్రవారం ముగ్గురూ వఫ్రా వెళ్లారు. గ్రీన్‌హౌసులో దుర్గ ఒక్కో కీరాను కత్తెరతో కోసి, నిమిరి, పెట్టెలో పెడుతోంది. తండ్రి తొందరపెట్టడం లేదు. సత్యశ్రీ సాయానికి చేయి చాచింది.

"నువ్వు వెళ్లి కూర్చో" అంది దుర్గ.

సత్యశ్రీ తోటలో భర్త ఉండే గదికి వెళ్లి చాప మీద నడుం వాల్చింది. ఫోను ఎక్కడ పెట్టిందో కూడా చూసుకోలేదు. మెలకువ వచ్చేసరికి ఎండ పల్చబడింది. బయట తండ్రీకూతుళ్లు పెట్టెల మీద కూర్చుని టీ తాగుతున్నారు. ఆమెను ఎవరూ లేపలేదు.