కోటతలుపు మూసిన రోజు

కిర్రుచెప్పులు గది బయట విడిచి వచ్చి, చప్పుళ్లాయన మైకు ముందు గొడుగుబట్ట నలిపాడు. తెరమీద రాణిగారు పట్టుబట్టల్లో సింహాసనం దిగింది. రెండు గరిటెలు రాపాడించాడు, సేనాపతి కత్తి దూశాడు. పిల్లల కార్టూన్లోని ఆ రాజ్యంలో బొమ్మలు ఎవరు గీసినా చప్పుళ్లన్నీ ఈయనవే. ఉద్యోగమేమిటని మామగారు అడిగితే "గుర్రాలు నడుపుతానండీ" అన్నాడట. పాపం, పెద్దాయన బండి ఎక్కడని చాలాకాలం వెతికాడు.

ఆ కథకూ ఈయన కొలువుకూ ఇదే ఆఖరి రోజు. ఎవరొచ్చినా తెరుచుకోవడమే తప్ప మూతపడి ఎరగని కోటతలుపు ఇవాళ మూసుకోవాలి. కాలు వదులైన పాత కుర్చీలో ఈయన వెనక్కి వాలితే వచ్చే మూలుగే ఆ తలుపు చప్పుడు. మనవరాలు దాన్ని 'తాతయ్య తలుపు' అంటుంది. కళ్లు మూసుకుని విన్నా ఇట్టే పోల్చుకుంటుంది. దాన్ని తన చేత్తోనే మూసి వస్తానని పొద్దున ఆ పిల్లకు మాటిచ్చాడు.

కుర్చీ లాక్కుని వాలాడు. కిక్కురుమనలేదు. ఇంకా వాలాడు. ఊహూఁ.

సాయంత్రం వీడ్కోలు ఫోటోకి ఆయన్ని ఆ కుర్చీలోనే కూర్చోబెట్టాలని, ఆఫీసు చూసే ఆవిడ నిన్ననే వడ్రంగిని పిలిపించి మేకులు దిగ్గొట్టించి కాలు బిగింపించింది. ఏళ్లతరబడి జీతాలిచ్చినా ఆవిడ రికార్డింగు వేళ ఈ గదిలో అడుగుపెట్టి ఎరగదు. సంగతి తెలిసి లబలబలాడుతూ వచ్చింది.

"మీరు పడిపోతారేమోనని చేయించానండీ, అన్నయ్యగారూ."

"ఇన్నాళ్లకి గట్టి కుర్చీ దొరికింది. కూర్చోనివ్వమ్మా."

పైకి నవ్వాడే గాని ప్రాణం ఉసూరుమంది. బీరువా తలుపు, పెట్టె మూత, అన్నీ కదిపి చూశాడు. రికార్డింగు అమ్మాయి కంప్యూటర్లో వెతికితే ఏదో దెయ్యాలకొంప తలుపు దొరికింది. మనవరాలు జడుసుకుంటుందని వద్దన్నాడు.

మంచినీళ్లకని బయటికి వెళ్లి చెప్పుల్లో కాలు పెట్టాడు. కిర్రుమన్నాయి. వీధి మలుపులో ఈ చప్పుడు వినే భార్య టీకి నీళ్లు పెడుతుంది. రికార్డింగు పాడుచేస్తాయని వాటిని ఒక్కనాడూ గడప దాటనివ్వలేదు. మెల్లగా వంగి వాటిని చేతుల్లోకి తీసుకున్నాడు.

మైకు ముందు కూర్చుని, రెండు చెప్పులూ కలిపి నెమ్మదిగా మెలిపెట్టాడు. తెరమీద తలుపు బరువుగా కదిలింది, సగంలో ఒక్కసారి ఆగింది, మళ్లీ మూలిగి మూసుకుంది. రికార్డింగు అమ్మాయి కళ్లు తుడుచుకుంది. ఆయనకు మాత్రం కడుపు నిండినట్టయింది.

గట్టి కుర్చీలో బిగుసుకుని కూర్చుని ఫోటో దిగాడు. వెళ్లబోతుంటే రికార్డింగు అమ్మాయి అడిగింది.

"చెప్పులు ఉంచేయండి బాబాయ్. ఎప్పుడైనా ఆ తలుపు మళ్లీ తీయాల్సొస్తే?"

ఆఫీసులోని రబ్బరు చెప్పులు వేసుకుని బయలుదేరాడు. అడుగు వేస్తే చప్పుడు లేదు. ఇవాళ టీ ఆలస్యమే. చప్పుడు చేయకుండా వంటింటి గుమ్మంలో నిలబడితే ఆవిడ మొహం ఎలా ఉంటుందో అనుకుంటూ, తనలో తనే నవ్వుకుంటూ మలుపు తిరిగాడు.

దీపాలు ఆర్పేసిన గదిలో, మైకు కింద, మడమల దగ్గర అరిగిన ఆ కిర్రుచెప్పులు గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి.