పెళ్ళిచూపుల నడక

నేను ఒక సేఫ్టీ బూటును. కుడికాలిదాన్ని. నా జోడు, ఎడమకాలిది, ఇదిగో ఈ రాళ్లపొడి గుట్ట మీద నా పక్కనే బోర్లాపడి ఉంది. మమ్మల్ని చూసి అయ్యో పాపం అనకండి. ఉద్యోగం పోయినందుకు ఇంత సంతోషపడిన బూటు ఈ టెక్కలి చుట్టుపక్కల మరొకటి ఉండదు. ఎందుకో చెబుతాను.

నేను పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, ఒక పెద్ద ఫ్యాక్టరీలో. పాదం అచ్చు మీద నల్లతోలు బిగించి, వేళ్ల దగ్గర ఉక్కు టోపీ పెట్టి, కింద మందపాటి సోలు అతికించారు. ఆ అచ్చు ఒక మగవాడి పాదమని నాకు తెలియదు. లోకంలో పాదాలన్నీ అలాగే ఉంటాయనుకున్నాను. బూట్లు కొనేవాళ్లూ అలాగే అనుకుంటారని తర్వాత తెలిసింది.

ఇక్కడి గ్రానైటు పాలిష్ ఫ్యాక్టరీలో మొదట గురయ్య అనే కటింగు మేస్త్రీ కాలికి వచ్చాను. ఇద్దరికీ అతికినట్టు సరిపోయింది. ఒకసారి రాతిపలక జారి సరిగ్గా నా ముక్కు మీద పడింది. గురయ్య వేలికి గీత కూడా పడలేదు. ఆ సాయంత్రం నన్ను ఒళ్లో పెట్టుకుని గుడ్డతో తుడిచాడు. నాకు తల లేకపోయినా గర్వం తలకెక్కింది.

గురయ్య వేరేచోటికి వెళ్లిపోయాక సూపర్‌వైజరు రామినాయుడు నన్ను కడిగించి, ఎండబెట్టించి, దాలమ్మకు ఇచ్చాడు. పలకలు కడిగి పేర్చే పని ఆమెది. అంతకుముందు పలాసలో జీడిపిక్కలు కొట్టేది. పిక్కల రసం చేతుల తోలు ఊడగొట్టేది. ఇక్కడికి వచ్చాకే ఆ చేతులు మానాయి. అన్నం కలుపుకుంటే మంట పుట్టడం లేదని అందరికీ చెప్పుకుని మురిసిపోయేది. ఈ పని పోతే మళ్లీ ఆ పిక్కల దగ్గరికే పోవాలని ఆమె భయం.

చేతులు మానాయి గానీ, కాళ్లు నా పాలబడ్డాయి. ఆమె పాదం చిన్నది. వెనక రెండు వేళ్లు పట్టేంత ఖాళీ. ముందు పాత చీర ముక్క కుక్కింది. అయినా మడమ లేచిపోయేది. జారిపోకుండా లోపల వేళ్లతో నన్ను గట్టిగా పట్టుకునేది. నా సోలు వంగే రకం కాదు. దాంతో పాదం వంచి నడవడం మానేసి, కాలు మొత్తం ఎత్తి పక్కకు విసిరి వేసేది. బరువంతా బొటనవేలి మొదట్లో పడేది. చిటికెనవేలు నా ఉక్కు టోపీ అంచుకు రాసుకుని పుండైంది. సాయంత్రానికి మోకాళ్లూ నడుమూ పీకేవి. గురయ్యను కాపాడిన ఉక్కే ఈమెను కొరుకుతుంటే నేనేం చేయగలను?

ఒకసారి ధైర్యం చేసి రామినాయుణ్ణి అడిగింది.

“బాబూ, సిన్న సైజు ఏదైనా ఉంటే ఇప్పించండి.”

“ఆరు కంటే సిన్నది రాదు. బూటు ఏసుకుంటే పని, నేదంటే ఇల్లు,” అన్నాడు. దాలమ్మ చీర ముక్కను ఇంకాస్త గట్టిగా కుక్కుకుంది.

ఇలా ఉండగా ఒకరోజు పట్నం నుంచి ఫిజియోథెరపీ కాలేజీ వాళ్లు వచ్చారు. సేఫ్టీ బూట్లతో మనుషుల నడక ఎలా మారుతుంది, పాదంలో ఎక్కడ ఎంత బరువు పడుతుంది అని వాళ్లు పరీక్ష చేస్తున్నారు. షెడ్డులో మాత్రం కబురు వేరుగా పాకింది. నడక బాగాలేని వాళ్లను పనిలోంచి తీసేస్తారట! అంతకుముందే నడుం నొప్పి అన్న ఒకామెను ఇంటికి పంపి మళ్లీ పిలవలేదు కాబట్టి అందరూ నమ్మేశారు.

ఆడవాళ్లందరిలోకీ పెద్దది సూరమ్మ. ఆమె అందరినీ కుళాయి దగ్గరికి పోగుచేసింది.

“ఏటే అలా బెదిరిపోతారు? పెళ్ళిసూపులప్పుడు నడిపించి సూడనేదా మనల్ని, కుంటిదేమోనని? ఇప్పుడూ అలాగే నడవండి. తల దించుకుని, సిన్న సిన్న అడుగులేసి.”

“అప్పుడు కాలికి ఈ బూటు నేదు కదప్పా,” అంది దాలమ్మ.

“మొహంలో మాత్రం కనబడనీకు.”

మిగతా ఆడవాళ్లంతా అలాగే నడిచాక, హిమజ అనే లెక్చరరు నాలోపల కాగితమంత పల్చటి అట్ట పరిచింది. దాని తీగను దాలమ్మ నడుముకు కట్టిన చిన్న పెట్టెకు కలిపింది. పాదం మీద ఎక్కడ ఒత్తిడి ఎక్కువైతే కంప్యూటరులోని పాదం బొమ్మ అక్కడ ఎర్రబడుతుందట. దాలమ్మ తల దించుకుని మెల్లగా, ముద్దుగా నడిచింది. పైకి పెళ్ళికూతురు, నాలోపల మాత్రం వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

“ఇక్కడ ఆడవాళ్లంతా ఒకేలా నడుస్తున్నారే! బూట్లతో ఇబ్బందేమీ లేనట్టుంది,” అంది హిమజ.

“మావి మంచి క్వాలిటీ బూట్లు మేడమ్,” అన్నాడు రామినాయుడు. మెచ్చుకున్నది నన్నే. అయినా నాకు సిగ్గేసింది.

అంతలో భోజనం గంట కొట్టారు. గండం గడిచిందని దాలమ్మ ఊపిరి పీల్చుకుంది. నడుముకు పెట్టె ఉన్న సంగతి మరిచిపోయి, షెడ్డు చివర ఉన్న క్యారేజీ కోసం తన మామూలు నడకతో బయలుదేరింది. కాలెత్తి, విసిరి, ఈడ్చి. హిమజ కంప్యూటరు ముందే కూర్చుని ఉంది. బొమ్మలో పాదం ముందు భాగమంతా ఎర్రగా అయిపోయింది.

“అమ్మా, ఒక్క నిమిషం ఆగండి!”

దాలమ్మ నడుము తడుముకుంది. పెట్టె చేతికి తగిలింది. క్యారేజీ పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చేసింది.

“నా కాలు బాగానే ఉందమ్మా. మళ్లీ నడుత్తాను సూడండి. పనిలోంచి తీసీకండి. ఆ జీడిపిక్కలకి మళ్లీ ఎల్లలేనమ్మా.”

హిమజ వచ్చి ఆమె ముందు నేల మీద కూర్చుంది. నా తాళ్లు విప్పి లాగింది. చీర ముక్క బయటపడింది. చిటికెనవేలి పుండును దగ్గరగా చూసింది.

“మీ కాలికి ఏ లోపమూ లేదమ్మా. మేం పరీక్ష చేస్తోంది మిమ్మల్ని కాదు, బూటుని. ఫెయిలైంది ఈ బూటు.”

అందరి ముందూ నన్ను ఎత్తి చూపించి మరీ అంది. చెబితే నమ్మరు గానీ, నాకు ప్రాణం లేచొచ్చింది. దాలమ్మ కళ్లు తుడుచుకుని, “అయితే నా పని?” అంది. “మీ పని ఎక్కడికీ పోదు,” అంది హిమజ. రామినాయుడు కాదనలేదు.

అప్పుడు సూరమ్మ ముందుకొచ్చింది. “అయితే అమ్మా, మమ్మల్ని కూడా మళ్లీ నడిపించండి. ఈసారి బాగా నడవం.”

షెడ్డంతా గొల్లున నవ్వింది. ఒక్కొక్కరే వచ్చి, ఇన్నాళ్లూ దాచుకున్న కుంటునీ ఈడ్పునీ మొహమాటం లేకుండా నడిచి చూపించారు. ఆ పూట కంప్యూటరు ఎరుపు దిగలేదు.

“ఆరు కంటే సిన్నవి...” అని రామినాయుడు గొణిగాడు. ఆడవాళ్ల కొలతల్లోనూ ఉక్కు టోపీ బూట్లు చేస్తారనీ, ముందు వీళ్ల పాదాలు కొలిపించమనీ హిమజ చెప్పింది. యజమాని నిజంగా జాలిపడ్డాడో, ఆ ఎర్రబొమ్మలు ఎవరి కంటనైనా పడతాయని భయపడ్డాడో నాకు తెలియదు. బూట్లు మాత్రం వచ్చాయి.

అవి వచ్చిన రోజు దాలమ్మ నన్ను విప్పి గోడవారన పెట్టింది. కొత్తవి తొడుక్కుని లేచింది. అలవాటుగా కాలెత్తి పక్కకు విసరబోయి, ఆగి, నవ్వుకుంది. తర్వాత అడుగు వేసింది. మడమ ఆనింది, పాదం వంగింది, వేళ్లు నేలను తోశాయి. మరో అడుగు. షెడ్డు చివరిదాకా వెళ్లింది. అక్కడ ఆమెకు పనేమీ లేదు. మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లింది.

“ఎక్కడికే ఎలిపోతన్నావు?” అని అరిచింది సూరమ్మ.

“ఎక్కడికీ నేదప్పా. ఊరికే.”

నేను గోడవారన కూర్చుని చూస్తూ ఉండిపోయాను. ఇన్నాళ్లూ ఆమె కాలికే ఉన్నాను గానీ, దాలమ్మ నడక చూడటం నాకు అదే మొదటిసారి.