గేటు మీద ఆరేసిన గుడ్డలు

"నీకు చెడ్డ రోగముండాదంట. నీకు ఈడ పని లేదు, పో!"

బేతంచెర్లలో మేం పనిచేసే బండల పాలిష్ ఫ్యాక్టరీ గేటు దగ్గర, ఇరవై మంది ఆడకూలీల ముందు ఓనరు శివప్రసాద్ నాగలతను అన్న మాట ఇది. నాగలత ఆయన వైపు చూడలేదు. గిడ్డమ్మ వైపు చూసింది. గిడ్డమ్మ తలదించుకుంది.

ఆ సంగతి ఒక్క గిడ్డమ్మకే తెలుసు. నాలుగేళ్ల కిందట మిషన్‌లో వేళ్లు తెగిన కూలీ కోసం మమ్మల్ని ఇదే గేటు ముందు కూర్చోబెట్టి లాఠీ దెబ్బలు తిన్న మనిషి ఆమె. తర్వాత మేస్త్రీ అయింది. అయినా మా మనిషే అనుకున్నాం.

మొన్న నాగలత ఆమెతో చెప్పుకుంది. తెల్లబట్ట, దురద, మంట. ఆసుపత్రి నర్సమ్మ మందులిచ్చి, "ఇది చెడు తిరుగుళ్లతో వచ్చే రోగం కాదు. పొద్దంతా తడి చీరెతో నిలబడతావు, రాతిబురద తొట్టి నీళ్లతో కడుక్కుంటావు, ముట్టుగుడ్డలు ఎండ తగలకుండా ఆరేస్తావు. ఇంక రాకేం చేస్తాది?" అందట.

బండలు పాలిష్ పట్టిన నీళ్లన్నీ ఆ తొట్టిలోకే చేరతాయి; బురద అడుక్కి దిగితే పైనీళ్లు తేటగా కనిపిస్తాయి. తేటగా ఉన్నాయి గదా అని మేమంతా అవే వాడాం. వేరే నీళ్లు పెట్టిందెవరు? తలుపున్న బాత్రూం కట్టిందెవరు?

"ఓనర్ని అడుగక్కా" అని నాగలత బతిమాలింది. గిడ్డమ్మ బాత్రూం మాట ఎత్తలేదు. రోగం మాట మాత్రం మోసింది.

"ఏమక్కా, నీ నోటితోనే చెప్పినావా?" నాగలత ఆమె ముందుకు పోయి అడిగింది.

"నేనేం చేసేది మే? నా మేస్త్రీపని పోతాది."

అంతలో ముసలి చౌడమ్మ ముందుకొచ్చింది.

"సామీ, నాకూ ఉండాది. మూడేండ్లాయ. నన్నూ తీసెయ్."

"నాకూ ఉండాది" అన్నాను. నోరు విప్పగానే సగం సిగ్గు పోయింది. ఇంకొకరు, ఇంకొకరు. ఆ రోజు ఎవరమూ లోపలికి పోలేదు.

మరునాడు పొద్దున్నే ఉతికిన ముట్టుగుడ్డలు తెచ్చి గేటు కమ్మీల మీద ఎండకు ఆరేశాం. అవి తీస్తే గాని గేటు తెరవడానికి లేదు. లారీలు బయటే ఆగాయి. ఓనరు పిలిచిన పోలీసులు లాఠీలతో దిగారు గాని, ఆ గుడ్డలు ముట్టుకోవడానికి ఒక్కడికీ చెయ్యి రాలేదు.

"బాత్రూం గావాల, బోరు నీళ్లు గావాల, నాగలతకు పని గావాల. అంతదాకా తీసేది లేదు!" అని అరిచింది చౌడమ్మ.

గేటు లోపల గిడ్డమ్మ ఒక్కతే నిలబడి ఉంది. నాగలత కమ్మీల దగ్గరికి పోయి మెల్లగా అంది. పక్కనున్న నాకే వినబడింది.

"నీకూ ఉండాదని నాకు తెలుసక్కా. నేను ఎవరికీ చెప్పలా. నీ గుడ్డ తెచ్చి ఈడ ఆరెయ్."

గిడ్డమ్మ కదల్లేదు. కమ్మీల మీద ఆమె కోసం జానెడు చోటు వదిలి, మేం గేటు ముందు కూర్చున్నాం.