కాఫీ కాసేదాకా

సోములమ్మ అనంతగిరి సంత నుంచి కొండెక్కి వచ్చేసరికి తోటలో కాఫీ వరసల మధ్య పసుపు మొక్కలు పీకేసి పడున్నాయి. ఆకులింకా వాడనైనా లేదు. పీకుతున్నది అడవిపందులు కాదు, కన్నకొడుకు జగదీష్. ఒంటిమీద కాఫీ కంపెనీ వాళ్లిచ్చిన ఆకుపచ్చ టీషర్టు.

"ఏటి సేత్తన్నావురా?"

"రేపు కంపెనీకి డబ్బులెట్టినోళ్లు మన తోట సూడ్డానికొత్తన్నారమ్మా. కాఫీ వరసలు నీటుగా అవుపడాలంట. ఆదర్శ రైతని నా ఫొటో తీత్తారు."

"ఆ ఫొటో ఉడకేసి పెడతావేటి పిల్లలికి?"

కాఫీ మొక్క నాటిన ఏడాదే కాస్తుందా చెప్పండి? నాలుగేళ్లు సాకాలి. ఆ ఇల్లు ఇంతవరకూ ఎలా నెట్టుకొచ్చిందో సోములమ్మకు తెలుసు. మొదటేడు కాఫీ గుంటల మధ్య చోళ్లు చల్లి అంబలి కాచింది. మరుసటేడు అవీ సరిగా పండక, కోడలు బేబితో కలిసి అడ్డాకుల విస్తళ్లు కుట్టి సంతకు మోసింది. పసుపు నిరుటి వానల్లో పెట్టింది. కొండ మీద పసుపు రెండేళ్లు నేలలో ఉంటేగాని ఊరదు. ఈ చలికాలం తవ్వుకుంటే మళ్లీ వానలదాకా ఇంటికి బియ్యం దానిమీదే. ఇప్పుడు పీకితే ఆ లేత కొమ్ములు కొనేదెవరు?

నీడ చెట్ల కింద, కొత్తగా పాతిన కంపెనీ బోర్డు పక్కన ఫోన్ చూసుకుంటున్న కంపెనీ అబ్బాయి శ్రీకాంత్ లేచి వచ్చాడు. విశాఖపట్నం కుర్రాడు, మాట మెత్తన.

"కొంచెం ఓపిక పట్టాలమ్మా. మా కంపెనీకి కూడా ఇన్నేళ్లుగా లాభం లేదు. మేం తట్టుకోవడం లేదా?"

"మరిన్నేళ్లూ ఏటి తిన్నారు బాబూ?"

"పెట్టుబడి పెట్టినవాళ్లు ఇస్తున్నారు కదమ్మా."

"మీకు ఆళ్లున్నారు, మాకీ పసుపుంది. ఆళ్లని పీకి గట్టు మీదెయ్యి, అప్పుడు మాటాడదాం ఓపిక గురించి."

శ్రీకాంత్ మొహం మాడింది. "అయితే బోర్డు వేరే తోటలో పెట్టుకుంటాం. రేపు కాఫీ కొనమని మా దగ్గరకు రాకూడదు."

"అట్టుకుపో."

అతను నిజంగానే బోర్డు పెరికి జీపులో వేసుకుని పోయాడు. జగదీష్ ఆ దారి వంకే చూస్తూ నిలబడ్డాడు.

"ఆళ్లు కొనకపోతే ఏటి సేద్దామే అమ్మా?"

"కాయ పండనీ. కొనడానికి ఆడొక్కడేనేటి? పండేదాకా బతికుండాలి కదరా ముందు."

కొండమీద మబ్బు దిగుతోంది. ఆమె కొంగు బిగించి, మట్టి తోడి మొదటి దుబ్బు నిలబెట్టింది. అవి మళ్లీ నాటుకుంటాయో లేదో ఆమెకే తెలియదు. జగదీష్ కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె చేతులు ఆగలేదు, తిట్లూ ఆగలేదు. కంపెనీని, చూడ్డానికొచ్చే వాళ్లను, టీషర్టుకు ఆశపడ్డ కొడుకును, వరస చివరిదాకా తిడుతూనే పాతింది.

"లోతుగా ఎట్టరా. బేగి. వానొచ్చేత్తంది."