వెతూరియా చెప్పే నాలుగోది

శనివారం గ్యాస్ లారీ వస్తుందంటే తెల్లారకముందే డాన్యూబ్ ఒడ్డు వీధిలో ఖాళీ సిలిండర్ల వరస మొదలయ్యేది. లారీ ఒక్కోసారి వచ్చేది, ఎక్కువసార్లు వచ్చేది కాదు. వచ్చినా రాకపోయినా జనానికి పొద్దుపోయేది, ఎందుకంటే ఆ వరసలో వెతూరియా ఉండేది.

ఓడల కర్మాగారం లైబ్రరీలో పుస్తకాలిచ్చే మనిషి ఆవిడ. వేసవి వస్తే చాలు, ఎవరడిగినా అడక్కపోయినా నాలుగు చెప్పేది: చదవడానికో పుస్తకం, చూడ్డానికో సినిమా, వండుకోడానికో వంట, చివర గొంతు తగ్గించి ఓ జోకు.

"ఉక్కగా ఉంటే ఆ మంచుదేశాల యాత్ర పుస్తకం పట్టుకెళ్ళు, సగం చదివేసరికి దుప్పటి వెతుక్కుంటావు. సాయంత్రం యాంటెన్నా నది వైపు తిప్పు, అవతలి దేశం వాళ్ళు మంచి సినిమా వేస్తున్నారు. భాష రాకపోతేనేం, ఏడుపు అర్థమవుతుందిగా. వంకాయలు కాల్చి మెదుపు. నూనె లేదంటావా, నాకూ లేదు. అక్రోట్లు నాలుగు దంచి కలుపు."

"అక్రోట్లూ లేకపోతే పిన్నీ?"

"వంకాయలున్నాయని సంతోషించు."

జోకు దగ్గరకొచ్చేసరికి అందరూ సిలిండర్లు గట్టిగా పట్టుకునేవారు. ప్రభుత్వం మీద జోకు విని మనసారా నవ్వితే ఆ ఊళ్ళో మనిషి కాళ్ళు నేల వదిలేవి, జానెడో మూరెడో, నవ్వును బట్టి. ఇనుము పట్టుకుంటే లేచేవారు కాదు. వరసలో పాంతెలిమోన్ ఉండేవాడు మరి. ఎవరి పాదాలు నేల మీద లేవో చూసి పై వాళ్ళకి చేరవెయ్యడమే అతని ఉద్యోగం. చెవులు కాస్త మందం కాబట్టి జోకులు మాత్రం అతని దాకా పోయేవి కావు.

ఏమీ పట్టుకోకుండా నిలబడేది వెతూరియా భర్త సెవెర్ ఒక్కడే. అతనికా అవసరం లేదు. ఒక్కగానొక్క కొడుకు త్రయాన్ నది ఈది అవతలికి పారిపోబోయి శవమై దొరికాడు. ఆనాటి నుంచి రెండేళ్ళుగా సెవెర్ నవ్వలేదు. సిలిండరు బరువు చాలదనుకున్న ఆడవాళ్ళు అతని చొక్కా కూడా పట్టుకునేవారు. అతను గుంజలా నిలబడేవాడు. ఊరందరినీ నవ్వించి మొగుణ్ణి నవ్వించలేకపోతున్నానన్న దిగులు వెతూరియాని తినేసేది. నిజానికి ఆ జోకులన్నీ అతని కోసమే. ఒక్కసారి నవ్వితే చాలు, ఆ తర్వాత ఏమైనా ఫరవాలేదనుకునేది పిచ్చిది.

ఆ ఆగస్టులో నాయకుడు ఊరికొచ్చాడు. మాంసం కొట్టు నిండుగా కనబడాలని పంది తొడలు చెక్కతో చేయించి, రంగులు పూయించి వేలాడదీశారు. కర్మాగారంలో వడ్రంగి సెవెరే కాబట్టి వాటిని చెక్కిందీ అతనే. నాయకుడు వెళ్ళాడు, తొడలు గోదాముకి వెళ్ళాయి. ఆ శనివారం వెతూరియా మొగుడి చెవి దగ్గర వంగింది.

"నాయకుడు కొట్లో తొడ చూసి, 'తాజాదేనా?' అన్నాడట. 'తాజాదే కామ్రేడ్, నిన్నటిదాకా ఆకులు కూడా ఉన్నాయి' అన్నాడట కొట్టువాడు."

సెవెర్ మొహంలో ముందు మీసం కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. అంతే, రెండేళ్ళ నవ్వు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. చొక్కా పట్టుకున్న ఆడవాళ్ళు బెదిరిపోయి వదిలేశారు. వెతూరియా అయినా పట్టుకోవాల్సింది. కానీ ఆవిడ సంతోషంతో ఆ మొహాన్నే చూస్తూ ఉండిపోయింది. సెవెర్ నవ్వుతూ నవ్వుతూ వీధి దీపం ఎత్తుకి లేచాడు. పాంతెలిమోన్ సరిగ్గా కింద నిలబడి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"నీకు జోకు చెప్పిందెవరు?" అని ఠాణాలో ఎంత కొట్టినా సెవెర్ ఒకటే మాట అన్నాడు. "ఎవరూ చెప్పలేదు. తొడలు చెక్కింది నేను, జోకూ నాదే." రాళ్ళ క్వారీ జైలుకి పంపేశారు.

వెతూరియాకి అతన్ని చూడ్డానికి మళ్ళీ వేసవిలో గాని అనుమతి దొరకలేదు. ఆరుబయట ముళ్ళ తీగకి అటు అతను, ఇటు ఆవిడ, మధ్యలో కాపలావాడు. బురుజు మీద తుపాకీ పట్టుకుని ఇంకొకడు. గోడ దాటి పైకి లేచేది ఏదైనా కాల్చెయ్యమని వాడికి ఉత్తర్వు. సెవెర్ ఎముకల గూడైపోయాడు. ఆవిణ్ణి చూడగానే పెదవి వంకర తిరిగింది, మడమలు అప్పుడే కాస్త లేచాయి.

"ఏం చెప్తావు ఈ వేసవికి? పుస్తకం, సినిమా వద్దులే. వంటా వద్దు. నాలుగోది చెప్పు, వెతూ. ఆకుల్ని మించింది చెప్పు."

"కాలుస్తారు, సెవెర్."

"కాల్చనీ. నవ్వుతూనే ఉంటాగా."

ఆవిడ దగ్గర జోకు ఉంది. వచ్చేటప్పుడు రైల్లో తట్టింది, ఇన్నేళ్ళలో అంత మంచిది తట్టలేదు. నాలుక చివరిదాకా వచ్చిన దాన్ని మింగేసింది.

"వడగళ్ళకి టమాటాలన్నీ పోయాయి" అంది. మడమలు దిగలేదు. "మీ అక్క పోయింది మొన్న శీతాకాలంలో. చివర్న నిన్నే కలవరించింది." కొంచెం దిగాయి, మళ్ళీ లేచాయి. "చెప్పవే" అంటున్నాడు, కళ్ళు అప్పుడే నవ్వేస్తున్నాయి.

ఇంక వేరే ఏమీ దొరకలేదు ఆవిడకి. రెండేళ్ళు ఇంట్లో ఇద్దరూ ఎత్తని పేరు ఎత్తింది.

"త్రయాన్ మునిగిపోయాడని చెప్పాను నీకు. మునగలేదు. శవాన్ని చూసింది నేనే కదా. వాడికి భయమేసి సగం దూరం నుంచి వెనక్కి ఈదుకొచ్చేశాడట. మన ఒడ్డుకే వచ్చి చేతులెత్తి నిలబడితే కాల్చారు, సెవెర్. ఇంటికే వస్తున్నాడు వాడు."

సెవెర్ పాదాలు మట్టిలో ఆనాయి. వెతూరియా ఏడుస్తూ ఆ పాదాల వైపే చూస్తూ, గాయాలు ఎక్కడెక్కడున్నాయో ఒక్కొక్కటీ చెబుతూనే ఉంది, కాపలావాడు టైమైపోయిందనేదాకా.